రాత్రి పదకొండున్నరకి అలాస్కా ఎలుగులు: చూస్తే అడవికి ఏమన్నా ఒరుగుతుందా, నా నిద్ర పోవడమేనా?

నైట్‌షిఫ్ట్_నాని · జూలై 9, రాత్రి 12:52

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపికుంటే చదవండి. నాది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, రెండు మానిటర్లు, ఒకదాంట్లో కస్టమర్ల కంప్లైంట్ టికెట్లు, రెండోదాంట్లో నెల రోజుల నుంచి ఎలుగుబంట్లు. అలాస్కాలో కాట్మై నేషనల్ పార్క్ అని ఉంది, అందులో బ్రూక్స్ ఫాల్స్ అని ఓ ఆరడుగుల జలపాతం, అక్కడ ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ వాళ్ల లైవ్ కెమెరాలు 2012 నుంచి నడుస్తున్నాయి. వాళ్లకి పొద్దున పదయితే మనకి రాత్రి పదకొండున్నర, నా కోసమే పెట్టినట్టు. సాకీ సాల్మన్ అని చేపలు సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కుతూ ఆ జలపాతం దగ్గర పైకి ఎగురుతాయి, పైన అంచు మీద ఎలుగు నోరు తెరుచుకుని నిలబడి ఉంటది. ఫోటోల్లో చూసి చేప వచ్చి నోట్లో పడిపోద్ది అనుకుంటాం గానీ గంటసేపు చూస్తే తెలుస్తది, జారిపోయేవే ఎక్కువ.

వాటికి నంబర్లుంటాయి, కొన్నిటికి పేర్లు కూడా. ఈ ఏడాది 32 నంబరుది, చంక్ అంటారు, దవడ విరగ్గొట్టుకుని వచ్చింది. ఇంకో మగదానితో కొట్లాటలో విరిగుంటదని అక్కడ అనుకుంటున్నారు. కింది దవడ పక్కకి వేలాడుతుంటే అలాగే చేపలు పట్టుకుంటోంది. నిన్న దాన్నే చూస్తూ ఒక కస్టమర్ కాల్ హోల్డ్‌లో మర్చిపోయా.

ఇప్పుడు నా డౌటు ఏంటంటే, ఆ పేజీలో కెమెరాలు చూడటం అంటే ప్రకృతిని కాపాడటంలో భాగమే అన్నట్టు రాస్తారు. నిజంగానా? నేను చూసినందుకు ఆ ఎలుగుకి ఏం ఒరిగింది? ఎవరన్నా తెలిసినవాళ్లు చెప్పండి, మా ఆవిడకి కూడా చెప్పాలి.

వరంగల్_బుల్లెట్ · జూలై 9, పొద్దున 7:15

అన్నా తప్పుగ అనుకోకు. నువ్వు ఏసీల కూసొని అది చేపలు తింటుంటే చూస్తున్నవ్, నువ్వున్నవని గూడ దానికి తెల్వది. గిండ్ల కాపాడుడు యాడుంది? టైంపాస్ అని ఒప్పుకుంటె అయిపాయె. చంక్ అంటె మొదలు నేను చంక అనుకున్న, విరిగింది చంకనా దవడనా అని రెండుసార్లు చదివిన.

సియాటిల్_శిరీష · జూలై 9, పొద్దున 10:40

నానీ, నేను 2023 జూలైలో అక్కడికి వెళ్లొచ్చా కాబట్టి చెప్తా. బ్రూక్స్ క్యాంప్‌కి రోడ్డు లేదు, నీళ్ల మీద దిగే చిన్న విమానంలో వెళ్లాలి లేదా పడవ. దిగగానే మన సామాను పట్టించుకోకుండా రేంజర్లు ముందు కూర్చోబెట్టి క్లాసు పీకుతారు, బేర్ స్కూల్ అంటారు, ఎలుగు ఎదురొస్తే పరిగెత్తకండి, తిండి ఏదీ దారిలో పట్టుకెళ్లకండి అని. జలపాతం దగ్గర చెక్క ప్లాట్‌ఫామ్ మీదికి ఒకేసారి 40 మందినే ఎక్కిస్తారు, మిగతావాళ్లు పేరు రాయించుకుని క్యూలో వెయిటింగ్. అచ్చం తిరుమల కంపార్ట్‌మెంట్, లడ్డూ ఒక్కటే తక్కువ. ఖర్చు చెప్పను, మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.

నేను చెప్పొచ్చేది, అంత చేసి నేను చూసింది ముక్కలు ముక్కలుగా ఓ రెండు గంటలు. నువ్వు నెల రోజులుగా చూస్తున్నావు, దవడ విరిగినది ఎలా తింటుందో కూడా నీకు తెలుసు. ఆ ఏట్లో ఒక్క అడుగు పెట్టకుండా, ఒక్క ఎలుగుని దారి తప్పించకుండా. చూడాలనుకున్న వాళ్లందరూ అక్కడికే దిగితే ఆ ఏరు ఏమవుతుందో ఊహించుకో. నా మటుకు నాకు అదే పెద్ద లాభం.

ఇంకోటి. 2023 సెప్టెంబర్‌లో డంప్లింగ్ మౌంటెన్ మీద ఉన్న కెమెరాలో, అక్కడ ఎలుగులు కూడా పెద్దగా కనబడవు, వ్యూ కోసం పెట్టింది, వానలో పొగమంచులో ఒక మనిషి తడిసి ముద్దై కెమెరా ముందుకొచ్చి పెదాలతో కాపాడండి అన్నట్టు అన్నాడు. చూస్తున్నవాళ్లు కామెంట్లలో గోల చేస్తే పార్కుకి కబురెళ్లి రేంజర్లు కొండెక్కి వెతికి తీసుకొచ్చారు. ఎవరూ చూడకపోతే ఏమయ్యేవాడో.

వరంగల్_బుల్లెట్ · జూలై 9, మధ్యాహ్నం 1:05

మంచిదే అక్కా, గాని గది మనిషి ముచ్చట. ఎలుగు ముచ్చట చెప్పు.

లెక్కల_మాస్టారు · జూలై 9, సాయంత్రం 6:30

బుల్లెట్ గారి ప్రశ్న సబబే, దాన్ని పక్కన పెట్టలేం. ఈ కెమెరా చూసేవాళ్ల మీదే 2022లో ఒక ఎకనామిక్స్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. అందులో తేలింది ఏంటంటే, చూసేవాళ్లు గుర్తుపట్టగలిగిన ఎలుగులైతే వాటి రక్షణకి ఎక్కువ డబ్బు ఇవ్వడానికి సిద్ధపడుతున్నారు. దీనికి పేపర్ అక్కర్లేదనుకోండి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడెదూడకి మా చెల్లెలు రాముడు అని పేరు పెట్టింది. ఆ తర్వాత మూడు సంతలు అయిపోయాయి గానీ మా నాన్న దాన్ని తోలుకెళ్లలేకపోయాడు, పేరు లేని దూడలు మాత్రం ఎప్పటిలాగే వెళ్లాయి.

కానీ ఒక మాట. ఎంత ఇస్తారు అని అడిగితే చెప్పడం వేరు, జేబులోంచి తీయడం వేరు. పైగా పేరున్న ఇరవై ముప్ఫై ఎలుగుల మీద ప్రేమ, కాట్మైలో దాదాపు 2,200 ఉన్నాయి, మిగతా వాటి సంగతేంటి? రాముడొక్కడూ మిగిలితే మంద మిగిలినట్టు కాదుగా.

సియాటిల్_శిరీష · జూలై 10, పొద్దున 9:20

మాస్టారూ కరెక్టే. అయితే అక్కడ ఎలుగు బతకాలంటే చేప బతకాలి, చేప బతకాలంటే ఏరు బతకాలి. ఆ ఏరు నీళ్లు చివరికి కలిసేది బ్రిస్టల్ బేలో, ప్రపంచంలో సాకీ సాల్మన్ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది అక్కడికే. ఆ సముద్రంలోకే వచ్చే వేరే నదుల మొదట్లో పెబుల్ మైన్ అని రాగి, బంగారం గని తవ్వుతామని ఏళ్ల తరబడి పెద్ద గొడవ, చివరికి 2023 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అడ్డం వేసింది. అది కెమెరా వల్ల అయిందని నేను అనను, అక్కడి ఆదివాసీలు, చేపలు పట్టేవాళ్లు ఎన్నో ఏళ్లు కొట్లాడారు. కానీ బ్రిస్టల్ బే అనే మాట చూడగానే ఆగి చదివానంటే నాకు ఓటిస్ అనే ఎలుగు వల్లే.

నైట్‌షిఫ్ట్_నాని · జూలై 10, రాత్రి 11:58

ఓటిస్ గురించి తెలీని వాళ్లకి: 480 నంబరు ముసలి మగ ఎలుగు, పళ్లు సగం అరిగిపోయి కొన్ని ఊడిపోయి, మిగతావి కొట్టుకు చస్తుంటే ఇది ఒక మూల నీళ్లలో కూర్చునేది, గంటలు గంటలు కదలకుండా, చేప పక్కనుంచి పోతే అప్పుడు తల వంచేది. ఆ మూలని ఓటిస్ ఆఫీసు అనేవాళ్లు. 2024 నుంచి కనబడలేదు. నేను పాత వీడియోలే చూశా, లైవ్‌లో చూసే అదృష్టం లేదు. ఇప్పుడు ఆ మూలలో వేరే ఎలుగు కూర్చుంటే నాకే కోపం వస్తోంది, ఏంటో.

చిట్టిపొట్టి_అమ్మ · జూలై 11, మధ్యాహ్నం 3:10

అందరూ ముద్దుగా చెప్తున్నారు కానీ పోయినేడాది మా పాప చూస్తుండగానే జరిగింది చెప్తా. గ్రేజర్ అని 128 నంబరు తల్లి, దాని రెండు పిల్లలు ప్రవాహంలో జారి జలపాతం కిందికి పడ్డాయి, కింద ఉన్నది ఎవరు అనుకున్నారు, మీ అందరూ జాలిపడుతున్న ఈ చంకే. పిల్లల మీద పడింది. తల్లి ఉరికొచ్చి కొట్లాడింది గానీ ఒక పిల్ల దెబ్బలతో చచ్చిపోయింది. మా పాపకి ఎనిమిదేళ్లు, కెమెరా పెట్టినవాళ్లు ఎందుకు కాపాడలేదు అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాకు సమాధానం తెలీలేదు. అప్పట్నుంచి స్వీడన్ వాళ్ల మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) కెమెరా పెడుతున్నా, వసంతంలో ఒక ఏరు దాటడానికి మూస్‌లు వస్తాయి, టీవీలో దాదాపు ఇరవై రోజులు రాత్రింబగళ్లు చూపిస్తారు, ఎక్కువసేపు చెట్లే ఉంటాయి, ప్రశాంతం.

వరంగల్_బుల్లెట్ · జూలై 11, మధ్యాహ్నం 3:42

చెట్లు చూసుడేనా? ఇరవై దినాలా? మా ఇంటెన్క వేపచెట్టు ఉన్నది, లింకు పంపాల్నా?

నల్లమల_కెమెరా · జూలై 11, రాత్రి 9:25

నాది ఆత్మకూరు వైపు. అమ్మ గారి ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తా. మనిషి చేత్తో చేసిన దెబ్బయితే, ఉచ్చు, కరెంటు తీగ, బావిలో పడ్డం, అప్పుడు దిగాల. మగది పిల్లని చంపడం అడవిలో మామూలే, అందులో మనం చెయ్యి పెడితే ఆ చెయ్యి ఆగదు. పాపకి ఇది చెప్పడం కష్టమే, నాకే కష్టంగా ఉంటది.

ఇంక అందరూ అడిగేది, మన నల్లమలలో పులికి లైవ్ పెట్టొచ్చు కదా అని. నేను రెండు సీజన్లు కెమెరా ట్రాపుల పనికి వాలంటీరుగా పోయినా. లైవ్ కాదు అవి, ముందు నుంచి ఏదన్నా కదిలితే ఫోటో తీస్తాయి. అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికో చోటు చూసుకుని, దారికి అటొకటి ఇటొకటి జంటగా కట్టాల, ఎందుకంటే పులికి కుడిపక్క చారలు వేరు ఎడమపక్క చారలు వేరు, ఒక పక్క ఫోటోనే ఉంటే ఒక పులినే రెండుగా లెక్కేస్తాం. చోటు ఎంచేది మాత్రం మేం కాదు, చెంచు వాచర్లు. మా చేతిలో జీపీఎస్ ఉంటది, వాళ్లు ఇసక మీద అడుగు చూసి ఇది రాత్రి పోయింది, మళ్లీ ఇట్లనే తిరిగొస్తది అంటారు, వస్తది. దేశం మొత్తం మీద 2018-19 లెక్కలో 26,838 చోట్ల కెమెరాలు కట్టినారు, 3 కోట్ల 48 లక్షల పైగా ఫోటోలు పడినాయి, గిన్నిస్ రికార్డు. వాటిలో పులివి 76,651. మిగతాది అంతా జింకలు, పందులు, ఆవులు, మేకలు, గాలికి ఊగే గడ్డి, మనుషులు. ఒకసారి మా కెమెరాని ఎలుగు పీకేసింది. కార్డులో ఆఖరి ఫోటో దాని ముక్కు. మా ఎలుగులు చేపలు తినేవి కాదులే, చెదపుట్టలు తవ్వుకునేవి, వాటిని చూడ్డానికి అమెరికావోళ్లు ఎవరూ నిద్ర మానుకోరు.

లైవ్ ఎందుకు పెట్టరంటే, సిగ్నల్ లేదు అనేది చిన్న కారణం. పెద్ద కారణం, పులి ఏ గుంట దగ్గర నీళ్లు తాగుతుందో మీకు కనబడితే ఉచ్చు పెట్టేవోడికీ కనబడతది. చంక్ ఎక్కడుందో లోకమంతా తెలిసినా ఏం కాదు, అక్కడికి పోవాలంటే విమానం ఎక్కాల. మా గుంటకి మోటర్‌సైకిల్ చాలు. గుర్తులు తెలిసేటట్టు ఉన్న ఫోటో అందుకే నేను ఎక్కడా పెట్టను, పెళ్లి గ్రూపుల్లో కూడా.

లెక్కల_మాస్టారు · జూలై 12, పొద్దున 5:50

ఇది చదివాక అర్థమైంది. ఫోటోలు లెక్కపెట్టడంలో సాయం చేయాలంటే జూనివర్స్ అని ఒక సైట్ ఉంది. పెంగ్విన్ వాచ్ అని అందులో అంటార్కిటికా కెమెరా ఫోటోలు ఇస్తారు, పెద్ద పెంగ్విన్ ఎక్కడుంది, పిల్ల ఎక్కడుంది, గుడ్డు ఎక్కడుంది అని చుక్క పెట్టాలి. ఒకే ఫోటో చాలామందికి చూపిస్తారు కాబట్టి ఒకడు తప్పు పెట్టినా సర్దుకుంటుంది. రిటైరయ్యాక పేపర్లు దిద్దే అలవాటు పోలేదు, రోజూ పొద్దున్నే ఓ యాభై ఫోటోలు దిద్దుతా. పిల్లల మీద పిల్లలు ఎక్కి కూర్చుంటాయి వెధవలు, లెక్క తేలదు.

గోదారోడు · జూలై 12, మధ్యాహ్నం 12:20

ఆయ్, ఆలస్యంగా వచ్చానండి. ఎలుగులు వదిలేయండి, చేపల సంగతి నన్నడగండి. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అని ఊరు, ఊరి మధ్యలో కాలవ, కాలవకి పాత లాకు, అంటే పడవలు దాటించడానికి నీళ్లని ఆపే తలుపులు. వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి పైకి పోవాలండి, ఆ టైములో పడవలు పెద్దగా రావు కాబట్టి లాకు తలుపులు మూసే ఉంటాయి, చేపలు తలుపు దగ్గర గుంపుగా ఆగిపోతాయి, పిట్టలు వచ్చి పీక్కు తింటాయి. 2021లో వీళ్లు ఏం చేశారంటే నీళ్లలో కెమెరా పెట్టి వెబ్‌సైట్‌లో కాలింగ్ బెల్ పెట్టారండీ. ప్రపంచంలో ఎవరైనా చేప కనబడితే బెల్ నొక్కొచ్చు, నొక్కితే ఫోటో పోద్ది, అక్కడివాళ్లు చూసుకుని చేపలు తగినన్ని పోగయ్యాయి అనుకుంటే లాకు మనిషికి చెప్తారు, ఆయన వచ్చి చేత్తో తిప్పి తలుపు తీస్తాడు. బుల్లెట్ గారూ, మీరు అడిగిన ఫాయిదా ఇదిగోనండి. ఇక్కడ చూడ్డమే పని.

మా దగ్గర పులస కూడా సాల్మన్ లాంటి బాపతేనండి, సముద్రంలో ఉన్నంతసేపు ఇలస అంటాం, ఎర్రనీళ్లు దిగాక గోదాట్లోకి ఎదురీదితే పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు చూడండి, అది. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టాక ధవళేశ్వరం దగ్గర ఆగిపోతది. మా డెల్టాకి ఆయన దేవుడు, ఊరూరా విగ్రహం ఉంది, నేనూ దండం పెడతా. చేపని అడిగితే వేరే చెప్తదేమో.

వరంగల్_బుల్లెట్ · జూలై 12, మధ్యాహ్నం 12:31

ధవళేశ్వరం కాడ గట్లనే బెల్లు పెట్టియ్యరాదు.

గోదారోడు · జూలై 12, మధ్యాహ్నం 12:34

పెడితే బెల్ మోగిన రెండు నిమిషాల్లో నలభై పడవలు వలలతో దిగుతాయండి. ముందు వల నాదే.

నల్లమల_కెమెరా · జూలై 12, మధ్యాహ్నం 12:50

నేను చెప్పింది కూడా ఇదే సామీ 😀

మోడరేటర్ · సెప్టెంబర్ 24, రాత్రి 8:00

ఫ్యాట్ బేర్ వీక్ ఓటింగ్ లింకులు ప్రతి థ్రెడ్‌లోనూ పేస్ట్ చేస్తున్నారు, దయచేసి ఆపండి. ఆ చర్చ ఇక్కడే పెట్టుకోండి.

చిట్టిపొట్టి_అమ్మ · సెప్టెంబర్ 24, రాత్రి 9:15

ఫ్యాట్ బేర్ వీక్ అంటే ఏంటో ఒకరు చెప్పండి, పాప అడుగుతోంది.

నైట్‌షిఫ్ట్_నాని · సెప్టెంబర్ 24, రాత్రి 11:40

అక్కా, చలికాలం అంతా తిండి లేకుండా గుహలో పడుకుంటాయి కదా, ఒంట్లో మూడో వంతు దాకా తగ్గిపోతాయి. కాబట్టి ఎంత లావైతే అంత బతుకు. జూన్‌లో బక్కగా ఉన్న ఫోటో, సెప్టెంబర్‌లో లావుగా ఉన్న ఫోటో పక్కపక్కన పెట్టి జతలు జతలుగా జనంతో ఓటేయిస్తారు. 2014లో ఒక్క మంగళవారం సరదాగా మొదలెట్టారు, మరుసటేడు వారం చేశారు, 2022కి ఓట్లు పది లక్షలు దాటాయి. ఆ ఏడాది సెమీఫైనల్లో ఎవడో వేలకి వేలు దొంగ ఓట్లు కూడా వేయించాడు, పట్టుకుని తీసేశారు.

వరంగల్_బుల్లెట్ · సెప్టెంబర్ 25, పొద్దున 7:02

ఎలుగుబంటి ఎలక్షన్ల గూడ రిగ్గింగా. గిప్పుడు నాకు ఇంట్రెస్ట్ వచ్చింది.

సియాటిల్_శిరీష · సెప్టెంబర్ 25, పొద్దున 9:48

నాకు మాత్రం ఈ ఓట్ల వారం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఏడాదంతా పట్టించుకోనివాళ్లు వారం రోజులు మీమ్స్ వేసి పోతారు. కానీ ఎలుగు లావుగా ఉందంటే చేప బాగా వచ్చింది, ఏరు బాగుంది అని అర్థం, అంతమాత్రం తెలిసినా చాలు అనిపిస్తుంది. ఈసారి సాల్మన్ బాగా వచ్చింది, ఫోటోల్లో ఒక్కోటి సోఫాలా ఉంది.

చిట్టిపొట్టి_అమ్మ · అక్టోబర్ 1, పొద్దున 8:30

చంక్ గెలిచింది. ఫైనల్లో 856 నంబరు ఎలుగు మీద. పోయినేడు ఫైనల్లో ఇదే చంక్ మీద గ్రేజర్ గెలిచింది, పిల్లని పోగొట్టుకున్న రెండున్నర నెలలకి. మా పాప ఈసారి ప్రతి రౌండులోనూ చంక్‌కి ఎదురున్న దానికే ఓటేసింది. దవడ విరిగింది కదమ్మా, పాపం కదా అంటే, విరిగితే విరిగింది అంది. నేనేం బతిమాలలేదు.

నైట్‌షిఫ్ట్_నాని · అక్టోబర్ 1, రాత్రి 11:35

నేను చంక్‌కే వేశా అక్కా, పాపకి చెప్పకండి. దవడ అలా పెట్టుకుని అయిదు వందల కిలోలు దాటిందట. డే షిఫ్టుకి మార్చారు నన్ను, ఇంకొన్ని వారాల్లో ఎలుగులు పడుకోడానికి వెళ్లిపోతే వచ్చే జూన్ దాకా ఎలాగూ ఏట్లో ఏం ఉండదు. ఆవిడ సంతోషం.

గోదారోడు · మార్చి 9, రాత్రి 1:10

పాత థ్రెడ్ లేపుతున్నందుకు ఏమనుకోకండి. ఉట్రెక్ట్ బెల్ మళ్లీ మొదలైందండి. వారం నుంచి కూర్చుంటున్నా, వాళ్లకి ఇంకా రాత్రి తొమ్మిది కూడా కాలేదు, నీళ్లు పచ్చగా మసక, ఏదీ తెలీదు. నాలుగుసార్లు నొక్కా. మొదటిది ఆకు, రెండోది ప్లాస్టిక్ కవరు, మూడోది కెమెరా అద్దం మీద పాకుతున్న నత్త.

వరంగల్_బుల్లెట్ · మార్చి 9, రాత్రి 1:14

నాలుగోది?

గోదారోడు · మార్చి 9, రాత్రి 1:15

చేపేనండి. జానెడుంటది, అడ్డచారలు. పులసైతే కాదు. మీరేంటి ఇంకా పడుకోలేదు?

వరంగల్_బుల్లెట్ · మార్చి 9, రాత్రి 1:21

నా నత్త ఇంక పోలే.